టికెట్ మీద కనకలక్ష్మి: జగిత్యాల నుంచి సిరిసిల్ల బొమ్మల కథల మేళాకు

ఈ ప్రయాణం నాలుగు లైన్ల ప్రకటనతో మొదలైంది. తొంభైల మొదట్లో నేను జగిత్యాలలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. వార్తలు రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం కరీంనగర్ బస్సు డ్రైవర్ చేతికి ఇవ్వడం నా రోజువారీ పని. ఒకరోజు వచ్చిన ప్రకటనల కట్టలో ఇది కనిపించింది. సిరిసిల్లలో నేత కార్మికుల హాల్లో ఆదివారం ఒక్కరోజు బొమ్మల కథల పుస్తకాల మేళా. పాతవీ కొత్తవీ కామిక్స్ అమ్ముతారు, మార్చుకోవచ్చు. హైదరాబాదు నుంచి ఒక పిల్లల మాసపత్రిక సంపాదకుడు వస్తారు, కొత్తగా బొమ్మలు గీసేవాళ్ల పని మూడు గంటల దాకా చూస్తారు. టికెట్ ఉన్నవారికే ప్రవేశం. నేను దాన్ని లోపలి పేజీకి రాసి పంపి, ఇంటికి వెళ్లి మా అక్కకు చెప్పాను.

సుగుణక్క నాకంటే మూడేళ్లు పెద్ద. పదో తరగతి అయ్యాక ఇంట్లోనే బీడీలు చుట్టేది. మధ్యాహ్నం చేట పక్కన పెట్టి గంటసేపు బొమ్మలు గీసేది. కాగితం కొనే అలవాటు మా ఇంట్లో లేదు కాబట్టి, నాకు వచ్చే సర్కారు ప్రకటనల వెనకవైపే ఆమె కాన్వాసు. అప్పటికి పన్నెండు పేజీల కథ ఒకటి పూర్తి చేసింది. ఒక మేక సంతకు పోవడానికి ఆర్టీసీ బస్సు ఎక్కుతుంది. దానికి ఫుల్ టికెట్ కొట్టాలా, హాఫ్ టికెట్ కొట్టాలా, లగేజీ రాయాలా అని కండక్టర్ ఊరూరా అడుగుతాడు. అంతే కథ. దాని నకలు రెండుసార్లు పోస్టులో పత్రికలకు పంపింది. జవాబూ రాలేదు, బొమ్మలూ తిరిగి రాలేదు.

"పోస్టుల పోతే పోయినట్టే తమ్మి. ఆయన చేతికే ఇయ్యాలె. మనం పోదాం," అంది. అక్క ఏదైనా కావాలని నన్ను అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

టికెట్లు దొరకడం అంత సులువు కాదు. నలుగురు ఒకచోట చేరాలంటే పోలీసు అనుమతి కావలసిన రోజులు అవి. మేళాకు మూడు వందల మందికే అనుమతి ఇచ్చారు. చీకటి పడకముందే ముగించాలన్నారు. వచ్చేవాళ్ల పేర్లు ముందే జాబితాగా ఇవ్వాలన్నారు. మా వైపు వాళ్లకు కేటాయించిన యాభై టికెట్లను కోరుట్లలో ఖాదర్ భాయ్ నడిపే అద్దె పుస్తకాల షాపులో మేళా రోజు పొద్దున ఏడు గంటలకు ఇస్తారని నిర్వాహకులు చెప్పారు.

ఆదివారం ఐదున్నరకు జగిత్యాలలో బస్సు ఎక్కాం. కోరుట్ల పాతిక కిలోమీటర్లు. అప్పుడు గంట పట్టేది, ఇప్పుడు నలభై నిమిషాలు చాలు. మేం దిగేసరికి ఆరున్నర. షాపు ముందు అప్పటికే వందకు పైగా మనుషులు ఉన్నారు. లైను షట్టర్ దగ్గర మొదలై, పక్కన టీ హోటల్ దాటి, మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ. పావలాకు ఒక పుస్తకం అద్దెకు తెచ్చుకుని, పొద్దుగూకేలోపు ఇల్లంతా చదివి తిరిగి ఇచ్చే ఊళ్లవి. లెక్కన మా ముందు నిలబడ్డవాళ్లతోనే యాభై టికెట్లు అయిపోవాలి.

"తమ్మి, మనకు దొరకయి," అంది అక్క. ఆమె సంచి రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది. లోపల అట్టల మధ్య పన్నెండు పేజీలు, పైన గుడ్డలో చుట్టిన సర్వపిండి.

మా ముందు నిలబడ్డ బక్కపలచటి మనిషి వెనక్కి తిరిగాడు. మెట్‌పల్లి రోడ్డులో మిషన్ కుట్టే నర్సయ్య. "నేను నాలుగు గంటలకు వచ్చి నిలబడ్డ. టీ తాగొచ్చేవరకు గీడికి అచ్చిన. ఒక్క టీకి ముప్పై మంది ఎన్కకు," అన్నాడు. అతనికి ఒక పాత సీరియల్ కామిక్‌లో చివరి పుస్తకం కావాలట. ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నాడు. "ఆ రాజకుమారి కొండ మీదికెల్లి పడ్డదా లేదా తెల్వక చస్తున్న."

ఏడింటికి ఖాదర్ భాయ్ షట్టర్ ఎత్తాడు. బల్ల మీద టికెట్ల కట్ట పెట్టి, దాని పక్కన పొడుగాటి రిజిస్టర్ తెరిచి, కింద కార్బన్ కాగితం సర్దాడు.

"అందరు వినుండ్రి. టికెట్ రెండు రూపాయలు. పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాలె. కార్బన్ కాపీ సిరిసిల్లకు పోతది. ఆడ గేటు కాడ పోలీసోళ్లు మిలాయించి చూస్తరు. సర్కారు హుకుం, నాది కాదు."

 ముందు నుంచి ఒకాయన పక్కకు జరిగి, చెప్పు తెగినట్టు వంగి, అలాగే వెళ్లిపోయాడు. తర్వాత ఇద్దరు. పది నిమిషాల్లో వంద మందిలో సగం మంది లేరు. ఇప్పటి పాఠకులకు ఇది చెబితే తప్ప అర్థం కాదు. మా వైపు అప్పుడు జాబితా అనే మాటకు మంచి అర్థం లేదు. సభకు పోయినవాళ్ల జాబితా, ఊళ్లోకి వచ్చిన కొత్త మొహాల జాబితా, అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టారని అనుమానం ఉన్నవాళ్ల జాబితా. ఒకసారి పేరు ఎక్కితే ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. అటు పోలీసులు పిలవవచ్చు, ఇటు అన్నలూ పిలవవచ్చు.

అందుకే మిగిలినవాళ్లు పేర్లు చెబుతున్న తీరు వింతగా ఉంది. పేరు అడిగితే వెంటనే చెప్పేవాళ్లు తక్కువ. ఒక క్షణం పైకి చూసి చెప్పేవాళ్లు ఎక్కువ. ఖాదర్ భాయ్ తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు. నర్సయ్య వంతు వచ్చినప్పుడు అతను "రాజేశం" అన్నాడు. ఖాదర్ భాయ్ అతనికి పదేళ్లుగా పుస్తకాలు అద్దెకు ఇస్తున్నాడు. కలం ఆపి, "మంచిగున్నది పేరు," అని రాసుకున్నాడు.

మా వంతు వచ్చేసరికి ఖాదర్ భాయ్ చెయ్యి నొప్పి అని రిజిస్టర్ నా వైపు తిప్పాడు. నా పేరు ఉన్నది ఉన్నట్టే రాశాను. జేబులో ప్రెస్ కార్డు ఉంది, దాచి లాభం లేదు. కింది గీత మీద అక్క పేరు రాయబోతూ ఆగాను. పెళ్లి కాని ఆడపిల్ల పేరు, మా నాన్న పేరు, మా వాడ. ఆ కాగితం ఏ స్టేషన్లో ఏ ఫైలులో ఉంటుందో నాకు తెలుసు. ఆ ఫైళ్లు చూసి వార్తలు రాసేవాణ్ణి. కనకలక్ష్మి, తండ్రి రాజయ్య, ఊరు గొల్లపల్లి అని రాశాను. అక్క నా భుజం మీది నుంచి చూసింది. అవే వివరాలు టికెట్ల మీదా రాశాను. ముప్పై ఎనిమిదో టికెట్ నాది, ముప్పై తొమ్మిదోది ఆమెది.

జాబితా కాపీని ఖాదర్ భాయ్ కవర్లో పెట్టి, తొమ్మిది గంటల సిరిసిల్ల బస్సు కండక్టర్ చేతిలో పెట్టాడు. అదే బస్సులో మేళాకు పోయేవాళ్లం పద్నాలుగు మందిమి ఎక్కాం. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు సిరిసిల్ల. అప్పుడు మూడు గంటలు చెప్పేవారు, దారిలో ఎన్నిసార్లు ఆపుతారన్నదాన్ని బట్టి. ఇప్పుడు రోడ్డు బాగుంది, సొంత బండి అయితే గంటన్నరలో చేరతారు. రుద్రంగి దగ్గర గుట్టలు మొదలవుతాయి. కిటికీ పక్కన కూర్చోండి, చూడవలసిన దారి అది. ఆ రోజు మాత్రం మేం సర్వపిండి తింటూ నర్సయ్య రాజకుమారి కథ విన్నాం. ఏడు పుస్తకాల కథ రుద్రంగి దాకా సరిపోయింది.

రుద్రంగి దాటాక రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, కట్టె. చెకింగ్. మగవాళ్లు దిగి, ఆడవాళ్లు కూర్చుని ఉండటం అలవాటు. ఆ రోజు అందరినీ దించారు. తెల్లమీసాల హెడ్ కానిస్టేబుల్ ఒకాయన సంచులు చూస్తున్నారు. మాటను బట్టి ఇటువైపు మనిషే. అక్క సంచిలోంచి అట్టలు తీసి, పేజీలు తిప్పి, వెనకవైపు చూసి ఆగారు.

"గిది మా డిపార్ట్‌మెంట్ ప్రకటన గదా. గీడికెట్ల అచ్చింది?"

నేను ప్రెస్ కార్డు చూపించాను. "మా అక్క బొమ్మలు గీస్తది సార్. వెనక తెల్లగున్నయని నేనే ఇచ్చిన."

ఆయన మళ్లీ ముందువైపు తిప్పారు. "మేకకు పేరు లేదేంది?"

"మేకకు పేరెందుకు సార్," అంది అక్క.

"గదీ నిజమే." పేజీలు అట్టల్లో పెట్టబోతుండగా వాటి మధ్య నుంచి టికెట్ కింద పడింది. ఆయన తీసి చూశారు. "నీ పేరేంది బిడ్డా?"

"సుగుణ," అంది అక్క. ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రశ్నకు ఆమెకు ఉన్న జవాబు అదొక్కటే.

హెడ్ కానిస్టేబుల్ టికెట్‌ను ఎండలోకి ఎత్తి మరోసారి చదివారు. తర్వాత నా టికెట్ అడిగి పక్కన పెట్టి చూశారు. అడవిలోకి పోయినవాళ్లు మొదట మార్చుకునేది పేరు. రెండు పేర్లున్న ఆడమనిషి, పక్కన విలేకరి. ఆయనకు ఏం తోస్తుందో నాకు అర్థమైంది. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే తోస్తుంది.

"అక్క అంటున్నవ్. నీ తండ్రి వేరు, ఈమె తండ్రి వేరు. నీది జగిత్యాల, ఈమెది గొల్లపల్లి. ఎవరయ్యా ఈమె? ఎటు తీస్కపోతున్నవ్?"

"మా సొంత అక్క సార్. ఆ పేరు నేను రాసిన."

"ఎందుకు?"

అబద్ధం దొరకలేదు. "లిస్టు మీ దగ్గరికి వస్తదని రాసిన సార్," అన్నాను.

తుపాకీ పట్టుకున్న కుర్ర కానిస్టేబుల్ రెండడుగులు దగ్గరికి వచ్చాడు. టైము పదకొండు దాటింది. ఇద్దరినీ స్టేషన్‌కు తీసుకుపోతే, నిజం తేలేసరికి సాయంత్రం అవుతుంది. అది నిజమని తేలితే. సంపాదకుడు మూడు గంటల దాకే ఉంటాడు. అక్క అట్టల వైపే చూస్తోంది. అవి ఇంకా హెడ్ కానిస్టేబుల్ చంకలో ఉన్నాయి.

ఆయన కండక్టర్ దగ్గర కవరు తెప్పించి చించారు. జాబితా పట్టుకుని మొదట ఎదురుగా ఉన్నవాణ్ణే అడిగారు. ఆ ఎదురుగా ఉన్నవాడు నర్సయ్య.

"నీ పేరేంది?"

నర్సయ్య పైకి చూశాడు. కిందికి చూశాడు. "టికెట్ మీద ఏమున్నదో గదే సార్."

"టికెట్ మీద ఏమున్నది?"

"గదే యాదికస్తలేదు సార్."

ఎవరో నవ్వి, ఆపుకున్నారు. ఆయన మిగతావాళ్ల టికెట్లన్నీ తీసుకుని, జాబితాతోనూ మనుషులతోనూ సరిచూశారు. పావుగంట పట్టింది. పద్నాలుగు మందిలో సొంత పేరు రాయించుకున్నది నాతో కలిపి ముగ్గురే. రాజేశం అనే పేరు ముగ్గురికి ఉంది. ముగ్గురి తండ్రి పేరూ మల్లయ్యే. ముందువాడు చెప్పింది విని వెనకవాడు అదే చెప్పాడన్నమాట.

హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి రుమాలుతో తల తుడుచుకున్నారు. "మల్లయ్యకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు రాజేశాలే. మీరెవరో తెల్సుకుందామని మేం లిస్టు అడిగితే, మీరెవరు కాదో రాసిచ్చిండ్రు."

"ఇప్పుడు అందర్నీ తీస్కపోదామా సార్?" అన్నాడు కుర్ర కానిస్టేబుల్.

"తీస్కపోయి ఏమని రాస్తవ్? బొమ్మల పుస్తకాలకు పోతున్నరని రాస్తవా?" ఆయన కాసేపు రోడ్డు మీద అటూ ఇటూ నడిచారు. తర్వాత మమ్మల్ని వరసగా నిలబెట్టారు. "వినుండ్రి. సిరిసిల్ల గేటు కాడ మావోళ్లు ఈ లిస్టే చదువుతరు. ఆడ అసలు పేర్లు చెప్పిండ్రంటే నేను గీడ ఏం చూసిన్నని నన్నే అడుగుతరు. టికెట్ మీద ఏదుంటే గదే మీ పేరు. ఇంటికి పోయేదాక గదే. తెల్సిందా?"

జాబితా కండక్టర్‌కు తిరిగి ఇచ్చి, ఒక్కొక్కరి చేతిలో టికెట్ పెడుతూ పేరు పలికించారు. అక్క దగ్గరికి వచ్చారు.

"పేరు?"

"కనకలక్ష్మి."

"తండ్రి?"

"రాజయ్య."

"ఊరు?"

"గొల్లపల్లి."

"ఇగ మర్సిపోకు," అని అట్టలు ఆమె చేతిలో పెట్టారు.

సిరిసిల్లలో దిగేసరికి ఒంటిగంటన్నర. బస్టాండు నుంచి హాలు పది నిమిషాల నడక. ఆదివారమైనా సాంచలు ఆగలేదు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. రెండు వైపులా ఇళ్లలోంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది. హాలు ముందు టికెట్ లేనివాళ్లు ఉన్నవాళ్లకంటే ఎక్కువ. గేటు దగ్గర ఒక కార్యకర్త స్టూలు ఎక్కి జాబితా చదువుతుంటే పక్కన కానిస్టేబుల్ టికెట్లు చూస్తున్నాడు. జగిత్యాల వైపు మొత్తం జాబితా మా బస్సుది లాగానే ఉన్నట్టుంది. ఒక్కో పేరు మూడుసార్లు చదివినా ఎవరూ పలకడం లేదు. జనం తమ టికెట్లు తిప్పి చూసుకుని అప్పుడు చెయ్యి ఎత్తుతున్నారు. రాజేశం అన్నప్పుడు మాత్రం మూడు చేతులు ఒకేసారి లేచాయి. కనకలక్ష్మి అనగానే అక్క మొదటిసారికే పలికింది.

లోపల చూసింది ఈ రోజుకూ నా కళ్ల ముందు ఉంది. నేతవాళ్లు పడుగు నూలును ఆరబెట్టినట్టు హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, వాటి మీద పుస్తకాలు మధ్య పేజీకి తెరిచి వేలాడదీశారు. జనం వంగి, మెడలు తిప్పి, ఆ తాళ్ల కింద చదువుకుంటూ నడుస్తున్నారు. బయట బస్సులు తగలబడ్డ వార్తలు, ఎదురుకాల్పుల వార్తలు నేనే వారానికి రెండు రాసేవాణ్ణి. ఈ హాల్లో ముసలివాళ్లు రాక్షసుడి బొమ్మ చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. నర్సయ్యకు తన పుస్తకం మూడో తాడు మీద దొరికింది. నిలబడ్డచోటే చివరి పేజీ తిప్పాడు. "పడలే," అని మాత్రం చెప్పి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

సంపాదకుడి బల్ల వేదిక పక్కన ఉంది. లైను చిన్నదే, అయినా మా వంతుకు రెండు ముప్పావు అయింది. ఆయనకు అరవై ఏళ్లుంటాయి. అక్క పేజీలను రెండుసార్లు చూశారు. తొమ్మిదో పేజీ దగ్గర మేకకు కండక్టర్ చిల్లర తిరిగి ఇస్తుంటాడు. అక్కడ వేలు పెట్టి, "ఇది అచ్చం బస్సులో చూసినట్టే ఉందమ్మా. దీన్ని నేను వేస్తాను," అన్నారు. కలం తీసి ఇచ్చారు. "చివరి పేజీలో కింద మీ పేరు, ఊరు రాయండి. అచ్చులో అదే వస్తుంది."

గేటు దగ్గర టికెట్లు చూసిన కానిస్టేబుల్ కాస్త నీడ కోసం బల్ల పక్కకే వచ్చి నిలబడి ఉన్నాడు. అక్క టికెట్ ఆమె చీరకు పిన్నుతో పెట్టి ఉంది, అందరికీ అలాగే పెట్టారు. ఆమె కలం కాగితానికి ఆనించి నా వైపు చూసింది. సొంత పేరే రాయమని నేను చెప్పి ఉండవచ్చు. పొద్దున జరిగింది మళ్లీ మొదలవుతుందనీ, ఈసారి తెల్లమీసాల మనిషి ఉండడనీ లెక్క వేసుకున్నాను. ఏమీ అనలేదు. ఆమె వంకర లేకుండా రాసింది: కనకలక్ష్మి, గొల్లపల్లి.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం అయ్యాం. మూడు నెలల తర్వాత మేక కథ అచ్చయింది. కాపీ జగిత్యాల బుక్‌స్టాల్లో నేనే కొన్నాను. తప్పు సవరించమని పత్రికకు ఉత్తరం రాసి అక్కకు చూపించాను. ఆమె చదివి మడిచి నాకే ఇచ్చింది. "వద్దు తమ్మి. నాకు రెండు పేర్లున్నయని మల్లొక కాయితం మీద రాసిస్తవా?" అంది. ఉత్తరం పంపలేదు. ఆ పత్రిక మూతపడేదాకా ఆమె కథలు ఇంకో ఏడు వచ్చాయి. అన్నీ కనకలక్ష్మి పేరుతోనే. గొల్లపల్లిలో ఆ పేరుతో ఎవరైనా ఉంటే, ఊళ్లో ఆమెకు ఎంత పేరు వచ్చిందో నాకు తెలియదు.

కిందటి నెల ఒక్కణ్ణే మళ్లీ అదే దారిలో వెళ్లాను. డ్రమ్ములు లేవు, ఎవరూ ఆపలేదు, ఎవరూ పేరు అడగలేదు. సిరిసిల్లలో సాంచల చప్పుడు తగ్గింది. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సూచన: సోమవారం వద్దు, వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చే జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి. మంగళవారమో బుధవారమో కోరుట్లలో పొద్దున ఎనిమిదిలోపు ఎక్కితే సీటు దొరుకుతుంది. వచ్చాక అక్కకు ఫోన్ చేసి, ఈ సంగతి రాయనా అని అడిగాను. "రాస్కో. ఇప్పుడెవరు అడుగుతరు," అంది. నేను పనిచేసిన పత్రికల్లో తప్పు పడితే మర్నాడే సవరణ వేసేవాళ్లం. ఇది ముప్పై ఏళ్లు ఆలస్యమైంది. సవరణ: బస్సెక్కిన మేక కథకు బొమ్మలు గీసింది సుగుణ, జగిత్యాల.